గురి తప్పలేదు, గుర్తు తప్పింది: మన కావ్యాలలో మనిషి పొరపాటు

అచ్చుశాల:
కోఠీ దగ్గర ఒక ముద్రణాలయంలో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. నిరుడు ఒక కుటుంబం వారు తమ తండ్రి గారి సంస్మరణ సంచికను మా దగ్గర అచ్చు వేయించుకున్నారు. పోయిన పెద్దాయన పేరు ముందు ఉండవలసిన ‘కీ.శే.’ అన్న రెండక్షరాలు ఒక పేజీలో ఆయన తమ్ముడి పేరు ముందు పడ్డాయి. ఆ తమ్ముడు గారు ఎనభై దాటిన మనిషి, ఆరోగ్యంగా ఉన్నారు, సంచికకు ముందుమాట రాసింది కూడా ఆయనే. మూడు ప్రూఫులూ నేనే చూశాను. పుస్తకాలు కట్టలు కట్టాక ఒక ప్రతిని ఊరికే తిరగేస్తుంటే ఆ అక్షరాలు నా కంట పడ్డాయి. అప్పటికే మొదటి కట్ట వెళ్లిపోయింది. చెప్పాలా, ఊరుకోవాలా అని రెండు రోజులు కొట్టుమిట్టాడి, చెప్పకుండానే ఉండిపోయాను.

మూడో రోజు ఆయనే వచ్చారు. ఒక్క మాట కూడా తూలకుండా, మిగిలిన ప్రతులకు చీటీలు అంటిద్దామంటూ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. జిగురు డబ్బా మా ఇద్దరి మధ్య ఉంది. ఆయన తన పేరు ముందున్న అక్షరాల మీద తానే తెల్లకాగితపు ముక్క పెట్టి, అంచులు లేవకుండా బొటనవేలితో నొక్కుతూ, ఒక్కొక్క పుస్తకాన్నీ పక్కన పేర్చారు. సాయంత్రం దాకా మేము పెద్దగా మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వెంటాడుతోంది. మన సాహిత్యంలో పాపం చేసినవారు, శాపం పొందినవారు, శిక్ష అనుభవించినవారు కోకొల్లలు. చెడు తలంపు ఏమీ లేకుండా, తనకు బాగా వచ్చిన పనిలోనే కాలు జారిన మనిషిని, ఆ జారిన క్షణాన్ని, ఆ తరువాతి మౌనాన్ని పట్టించుకుని రాసిన కవి ఉన్నాడా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

విద్యానగర్ పాఠకురాలు:
మీ ప్రశ్న చదవగానే నాకు తోచింది శకుంతల కథ. కళాశాలలో పాఠం చెప్పిన రోజుల్లో ప్రతి ఏడాదీ ఈ చర్చ పెట్టేదాన్ని. వ్యాసుని ఆదిపర్వంలో దుష్యంతుడు మరచిపోలేదు. గుర్తుండి కూడా గుర్తు లేదన్నాడని మూలం స్పష్టంగా చెబుతుంది. నన్నయ గారి శకుంతల కూడా అందుకే ఆ సభలో నిలబడి, నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి, నూరు బావుల కంటే ఒక యాగం, నూరు యాగాల కంటే ఒక కొడుకు, అలాంటి కొడుకులు నూరుగురి కంటే ఒక సత్యవాక్యం మేలని రాజుకు సత్యం గురించి చెబుతుంది. మరచిపోయినవాడికి కావలసింది ఆనవాలు. ఎరిగి దాస్తున్నవాడికే కదా సత్యం గురించి చెప్పవలసి వస్తుంది.

కాళిదాసు ఈ కథలోకి దుర్వాసుని శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చాడు. దానితో రాజు చేసిన అబద్ధం మరపుగా మారిపోయింది. కవి నాయకుణ్ణి కాపాడుకున్నాడనీ, తప్పును ముని కోపం మీదికి నెట్టాడనీ నేను చాలాకాలం ఆక్షేపించాను. ఆరవ అంకాన్ని నెమ్మదిగా చదివిన తరువాత నా అభిప్రాయం కొంత మారింది. ఉంగరం దొరికి జ్ఞాపకం తిరిగి వచ్చిన రాజు వసంతోత్సవాన్ని ఆపించి, శకుంతల బొమ్మను గీసుకుని, ఆ బొమ్మలో ఆమె ముఖం మీద వాలబోతున్న తుమ్మెదను నిజమైన తుమ్మెద అనుకుని అదలిస్తాడు. నిజంగా ఎదుట నిలిచిన మనిషిని గుర్తుపట్టలేనివాడు ఇప్పుడు బొమ్మను మనిషి అనుకుంటున్నాడు. పొరపాటు పడ్డ మనస్సు పశ్చాత్తాపంలో కూడా సరిగా చూడలేదని కాళిదాసు అంత సున్నితంగా చూపించాడు.

అదే అంకం మొదట్లో మరొక చిన్న సంగతి ఉంది. చేప కడుపులో ఉంగరం దొరికిన జాలరిని రాజభటులు దొంగ అని కట్టి కొడుతూ తీసుకువస్తారు. మరచినవాడు రాజు, దెబ్బలు తిన్నవాడు జాలరి. పొరపాటు గురించి మాట్లాడేటప్పుడు ఈ దృశ్యాన్ని మనం తరచుగా వదిలేస్తాం.

పాత క్యాషియర్:
అమ్మా, మీరు జాలరి మాట ఎత్తారు కనుక నేను రాయక తప్పడం లేదు. సికింద్రాబాదులో ఒక బ్యాంకు శాఖలో క్యాషియరుగా చేసిన రోజుల్లో ఒక సాయంత్రం లెక్కలో ఒక కట్ట తక్కువ వచ్చింది. ఎన్నిసార్లు లెక్కించినా అంతే. ఆఖరున డబ్బు తీసుకున్న ఒక పండ్ల వ్యాపారికి ఎక్కువ ఇచ్చి ఉంటానని నిర్ణయించుకున్నాను. ఆయన తీసుకోలేదని ప్రమాణం చేశాడు. నేను నమ్మలేదు. ఆ మొత్తాన్ని నా జీతంలోంచి నెలనెలా కట్టుకుంటూ, ఆయన కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన రావడం మానేశాడు. రెండేళ్ల తరువాత పాత బల్లలు మారుస్తుంటే సొరుగు వెనక సందులో ఆ కట్ట దొరికింది, రబ్బరు బ్యాండు ఎండిపోయి నోట్లకు అతుక్కుని ఉంది. బ్యాంకు నా డబ్బు నాకు తిరిగి ఇచ్చింది. ఆ వ్యాపారిని వెతుక్కుంటూ మోండా మార్కెట్టులో మూడు ఆదివారాలు తిరిగినా ఆయన నాకు కనబడలేదు. కట్ట జారిపోవడం ఏమరుపాటు. ఆయన మాట నమ్మకపోవడాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కావ్యాల విషయానికి వస్తే, ధర్మరాజు జూదాన్ని పొరపాటు అనడానికి నా మనస్సు ఒప్పదు. మొదటిసారి సర్వం పోగొట్టుకున్నాడు, ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చాడు, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. మొదటి ఆట పొరపాటే కావచ్చు, రెండవది మాత్రం స్వభావం. అరణ్యపర్వంలో నలుని కథ వేరు. కలి పన్నెండేళ్లు కాచుకుని కూర్చుని, ఒకనాడు నలుడు కాళ్లు సరిగా కడుక్కోకుండా సంధ్య వార్చినప్పుడు అతనిలో ప్రవేశించాడు. పన్నెండేళ్లలో ఒక్క సాయంత్రం! నోట్లు లెక్కపెట్టి బతికినవాడికి ఆ సంఖ్య ఎంత భయం పుట్టిస్తుందో చెప్పలేను.

తాళపత్రం:
పెద్దలిద్దరూ చక్కగా రాశారు. నేను పాత తాళపత్ర ప్రతుల సూచికలు తయారుచేసే పనిలో ఉన్నాను. నాకు మాటల దగ్గరే కొంత చెప్పాలని ఉంది. ఇవాళ మనం ప్రమాదం అంటే రోడ్డు ప్రమాదం, అగ్ని ప్రమాదం అనుకుంటున్నాం, అంటే బయటి నుంచి వచ్చి మీద పడేది. సంస్కృతంలో ఆ మాటకు ఏమరుపాటు అని అర్థం, అంటే లోపల జరిగేది. ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునితో ప్రమాదమే మృత్యువని అంటాడు. అక్కడ ఆయన చెబుతున్నది మెలకువ తప్పిన మనస్సు గురించి. మాట అదే, కానీ కారణం నుంచి ఫలితానికి జరిగిపోయింది. అచ్చ తెలుగు ఏమరుపాటు మాత్రం తన చోటనే నిలిచి ఉంది, అందుకే ఈ చర్చలో ఆ మాట వాడడమే మంచిదని నాకు అనిపిస్తుంది.

అచ్చుశాల గారూ, మీ వృత్తికి పూర్వులు వ్రాయసకాండ్రు. వారి ప్రతుల చివర తరచుగా కనిపించే ఒక పాదం ఉంది: ‘కరకృతమపరాధం క్షంతుమర్హంతి సంతః’. చేతితో చేసిన అపరాధాన్ని సజ్జనులు మన్నింతురు గాక అని దాని భావం. తప్పు ఎక్కడుందో ఆ మనిషికి తెలియదు, కానీ ఉంటుందని తెలుసు, కనుక ముందుగానే చెప్పుకున్నాడు. మరికొందరు, చూసిన పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాశాను, ఇందులో నా దోషం లేదని కూడా రాసుకున్నారు. ఇంకొక శ్లోకంలో వెన్ను, నడుము, మెడ విరిగి, చూపు బిగుసుకుని, తల వంచుకుని కష్టపడి రాసిన గ్రంథమిది, జాగ్రత్తగా కాపాడండి అని ఉంటుంది. ఒకరు క్షమ అడుగుతున్నారు, ఒకరు బాధ్యత తోసేస్తున్నారు, ఒకరు తన ఒళ్లు నొప్పి చెప్పుకుంటున్నారు. గంటం పట్టినవారి గొంతు మనకు ఇంత దగ్గరగా వినిపించే చోటు ఇంకెక్కడా లేదు. ఒక ఆకు మీద అక్షరం తప్పుపడితే దాన్ని కొట్టివేసి, పైన సన్నగా సరైన అక్షరం గీసిన చోటును భూతద్దంలో చూసినప్పుడు నేను చాలాసేపు ఆ ఆకును పక్కన పెట్టలేకపోతాను.

వార్డు డ్యూటీ:
నేను వైద్యవృత్తిలో కొత్తగా అడుగుపెట్టినవాణ్ణి. రాత్రి డ్యూటీల మధ్య ఈ చర్చ చదువుతున్నాను. అచ్చుశాల గారు అడిగిన ఘట్టం మన దగ్గర ఉంది. అది వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుడు చెప్పుకున్న కథ. మనమంతా చిన్నప్పుడే శ్రవణకుమారుని కథగా విన్నాం కానీ వాల్మీకి ఆ పిల్లవానికి పేరు పెట్టలేదు. కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి.

రాముడు అడవికి వెళ్లిన ఆరవ రాత్రి, అర్ధరాత్రి వేళ, దశరథునికి ఎప్పుడో చేసిన పని గుర్తుకు వస్తుంది. కౌసల్యతో పెళ్లి కాకముందు, తాను యువరాజుగా ఉన్న నాటి మాట అది. ఇంతకాలం ఆమెకు చెప్పినట్టు కనిపించదు. వానాకాలం, సరయూ తీరం, చీకటి. నీటిలో ఏదో గుడగుడమని చప్పుడైంది. ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని బాణం వేశాడు. అది కుండ నిండుతున్న చప్పుడు. బాణం సరిగ్గా వెళ్లి తగిలింది. గురి తప్పలేదు, గుర్తు తప్పింది. గ్రీకు విషాదాంత నాటకాలను విచారించిన అరిస్టాటిల్ నాయకుని పొరపాటుకు హమార్తియా అన్న మాట వాడాడు, విలుకాడు లక్ష్యం తప్పడం దాని పాత అర్థమని చదివాను. వాల్మీకి చూపిన పొరపాటు నాకు ఇంకా భయంకరంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ నేర్పులో లోపమే లేదు. శబ్దాన్ని బట్టి కొట్టగల కుమారుడని తనకు వచ్చిన పేరే తన చేత ఈ పాపం చేయించిందని దశరథుడు తానే అంటాడు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చప్పుడును బట్టి లోపలి సంగతి తేల్చే పనిలో ఉన్న నాకు ఈ మాట తగిలినంతగా మరే మాటా తగలలేదు. ఏమీ రానివాడు పక్కవారిని అడుగుతాడు, పేరు పడ్డవాడే అడగడం మానేస్తాడు.

ఆ తరువాత జరిగింది చూడండి. పిల్లవాడు బాణం లాగేయమని అడుగుతాడు. లాగితే చనిపోతాడని, లాగకపోతే బాధ తీరదని రాజు తటపటాయిస్తాడు. చివరికి లాగుతాడు, పిల్లవాడు పోతాడు. నీళ్ల కుండ పట్టుకుని రాజు ఆ గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి వెళతాడు. అడుగుల చప్పుడు విని తండ్రి, ఇంత ఆలస్యమేమిటి నాయనా, త్వరగా నీళ్లు తీసుకురా అంటాడు. ఇక్కడ నాకు ఊపిరి ఆగినట్టయింది. చప్పుడు విని కుండను ఏనుగు అనుకున్నవాడు ఇప్పుడు నిలబడి ఉన్నాడు, చప్పుడు విని అతన్ని కొడుకనుకున్న తండ్రి మాట్లాడుతున్నాడు. అదే పొరపాటు, ఈసారి ప్రేమతో. తాను నీ కొడుకును కాదని దశరథుడు నోరు తెరిచి చెప్పాలి. చెబుతాడు. విన్న ముని, ఈ సంగతి నీవు స్వయంగా వచ్చి చెప్పకపోతే నీ తల నూరువేల ముక్కలయ్యేదనీ, తెలియక చేశావు కాబట్టే బతికి ఉన్నావనీ అంటాడు. ఆ పైన పుత్రశోకంతోనే పోతావని శపిస్తాడు. తెలియక చేయడాన్ని ఆ తండ్రి లెక్కలోకి తీసుకున్నాడు, వచ్చి చెప్పడాన్ని కూడా తీసుకున్నాడు, అయినా కొడుకు పోయాడన్నది అలాగే మిగిలింది. మా ఆసుపత్రి కారిడార్లలో రోగి బంధువుల ఎదుట నిలబడవలసి వచ్చినప్పుడు ఈ మూడింటినీ ఒకేసారి మనస్సులో పెట్టుకోవడం ఎంత కష్టమో ఈ ఏడాదిలోనే తెలుసుకున్నాను.

విద్యానగర్ పాఠకురాలు:
నాయనా, ఇంత బాగా రాసినవారికి ఎదురు చెప్పాలంటే సంకోచంగానే ఉంది, అయినా ఒక సందేహం అడుగుతాను. దశరథుడు మునికి చెప్పాడు, నిజమే. కానీ కౌసల్యకు ఎప్పుడు చెప్పాడు? తన కొడుకు దూరమైన ఆరవ రోజున, తన శోకానికి కారణం వెతుక్కుంటున్నప్పుడు. అంతకు ముందు ఆమె దుఃఖంలో రాజును గట్టిగా నిందించింది, ఆయన చేతులు జోడించి ఆమెను బతిమాలుకున్నాడు. ఆ వెంటనే వచ్చే ఈ కథలో నిజాయితీ ఎంత, ఓదార్పు వెతుక్కోవడం ఎంత? వరాల విషయంలో తాను కైకేయికి లొంగిపోయిన తప్పును పాత శాపం కిందికి చేరిస్తే, ఇప్పటి తప్పు చిన్నదైపోతుంది కదా.

వార్డు డ్యూటీ:
మీరన్నది కాదనలేను అమ్మా. దశరథుడు ఆ కథ మొదలుపెట్టేటప్పుడు, మనిషి చేసిన శుభాశుభాల ఫలం అతనికే చేరుతుందని అంటాడు. మామిడితోట నరికి మోదుగ చెట్లకు నీళ్లు పోసినవాడు పువ్వు చూసి మురిసి, కాయ కాసే వేళకు ఏడుస్తాడని కూడా అక్కడే చెబుతాడు. మోదుగ పువ్వు ఎర్రగా ఎంత అందంగా ఉంటుందో మనకు తెలుసు. ఆ పోలిక శాపం మీదికి నెట్టేవాడి పోలికలా నాకు అనిపించదు, తన ఎంపికను తానే తలచుకుంటున్నవాడి మాటలా ఉంది. అయితే కౌసల్య ఆ మాటలు ఎలా విన్నదో కవి మనకు చెప్పలేదు, ఆ ఖాళీ నన్ను కూడా బాధపెడుతుంది.

అఫ్జల్‌గంజ్ వాసి:
చర్చ పురాణాల దగ్గరే ఆగకూడదని ఒక చిన్న మాట. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్క దుంగలో ముందు వైపు దయ్యమైన మెఫిస్టోఫిలీస్‌ను, వెనక వైపు మార్గరెట్టాను చెక్కిన బొమ్మ ఉంది. వెనక అద్దం పెట్టారు. ఎదురుగా గర్వంగా నిలబడ్డవాడు, అద్దంలో తల వంచుకున్న పిల్ల. చాలామంది అద్భుతమైన పనితనమని చూసి వెళ్లిపోతారు. జర్మన్ కవి గేటే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో ఆ పిల్ల చేసిన పని ఏమిటో తెలిస్తే బొమ్మ ముందు నిలబడే తీరు మారుతుంది. తల్లి నిద్రపోవడానికి మూడు చుక్కలు చాలని ఆమె ప్రియుడు ఫౌస్ట్ సీసా ఇచ్చాడు, ఆమె నమ్మి వేసింది, తల్లి మరి లేవలేదు. మోసపోయినవారి పొరపాటు, మోసం చేసినవారి పొరపాటు ఒకే దుంగలో వీపులు ఆనించుకుని నిలబడ్డాయి. శ్రమిస్తున్నంత కాలం మనిషి పొరపడుతూనే ఉంటాడని అదే నాటకం నాందిలో దేవుడే అంటాడు.

పాత క్యాషియర్:
తెలుగు నవలలను మరచిపోకండి. కందుకూరి వారి రాజశేఖరుడు పొగడ్తలకు లొంగి, బైరాగి బంగారం చేస్తాడని నమ్మి ఇల్లు గుల్ల చేసుకుంటాడు. రావిశాస్త్రి గారి అల్పజీవి సుబ్బయ్య నాకు ఇంకా దగ్గరివాడు. అతనిలో దుర్మార్గం లేదు, కాదు అన్న ఒక్క మాట సమయానికి నోటికి రాదు. గుమాస్తాగా బతికినవారెవరైనా ఆ పుస్తకాన్ని ఒక్క బిగువున చదవలేరు, మధ్యలో మూసి కిటికీలోంచి బయటికి చూడవలసి వస్తుంది.

తాళపత్రం:
వేమన తప్పులెన్నువారు తండోపతండంబులన్న పద్యాన్ని మనం ఇతరుల నోరు మూయించడానికే ఎక్కువగా వాడుతున్నాం. ఉర్విజనులకెల్ల నుండు తప్పు అన్న రెండవ పాదాన్ని మాత్రం గబగబా దాటేస్తాం. సంస్కృతంలో మరొక శ్లోకం ఉంది: నడిచేవాడు ఎక్కడో ఏమరుపాటున తూలిపడతాడు, అక్కడ దుర్జనులు నవ్వుతారు, సజ్జనులు సరిదిద్దుతారు. ‘సమాదధతి’ అన్న క్రియకు కలిపి నిలబెట్టడమని కూడా అర్థం చెప్పుకోవచ్చు. అచ్చుశాల గారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్న ఆ పెద్దాయన చేసింది అదే అని నాకు అనిపించింది.

అచ్చుశాల:
అందరికీ నమస్కారాలు. డాక్టరు గారు రాసిన ఘట్టాన్ని తీసి మూలంతో పాటు రెండుసార్లు చదివాను. స్వయంగా వచ్చి చెప్పకపోతే అన్న ముని మాట దగ్గర ఆగిపోయాను. నేను చెప్పలేదు, ఆయనే వచ్చారు. ఇక్కడ రాయని సంగతి ఒకటి ఉంది. చీటీ అంటని మొదటి కట్టలోని ప్రతి ఒకటి నగరంలోని ఒక గ్రంథాలయానికి చేరిందని నాకు అప్పుడే తెలుసు. ఆయనకు ఆ మాట కూడా చెప్పలేదు.

నిన్న ఫోను చేసి చెప్పాను. ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు, ఆ తరువాత ఏ గ్రంథాలయం అని మాత్రం అడిగారు. ఈ రోజు ఉదయం జిగురు సీసా, ఒక చీటీ జేబులో వేసుకుని వెళ్లి, గ్రంథపాలకులకు విషయం చెప్పి అనుమతి అడిగాను. వారు పుస్తకం తీసి ఇచ్చారు. ఆ పేజీ తెరిస్తే ‘కీ.శే.’ మీద ఎవరో పెన్సిలుతో, స్కేలు పెట్టినంత తిన్నగా, ఒకే ఒక గీత గీసి ఉన్నారు. పక్కన ఏమీ రాయలేదు. పుస్తకం పాఠకులకు ఇచ్చిన తేదీల చీటీలో మూడు ముద్రలు మాత్రమే ఉన్నాయి. నేను తెచ్చిన చీటీని ఆ గీత మీద అంటించడానికి నా చేయి రాలేదు. పుస్తకాన్ని అలాగే తిరిగి ఇచ్చి, బస్సు ఎక్కి ప్రెస్సుకు వచ్చాను. మధ్యాహ్నం ఆయనకు మళ్లీ ఫోను చేస్తాను.